గురువారం అక్కది

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క తిన్నన్ని తిట్లు మా వీధిలో తాగుబోతులు కూడా తిని ఉండరు. ఆమె చేసిన నేరమల్లా వారంలో మూడు రోజులు కుట్టుమిషను మూసిపెట్టడం. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. అక్క వాళ్ళు ముస్లింలు, తాతల కాలం నుంచీ ఆ ఊరివాళ్ళే. అక్క పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా తల్లితో ఉండేది. మొదట్లో పర్చూరులో ఒక టైలరు షాపులో పొద్దున్నే కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. బయట వాన పడి వెలిసినా తనకు తెలిసేది కాదని చెప్పేది. అలా కొన్నేళ్ళు నలిగి, ఒక పాత మిషను కొనుక్కుని తన ఇంటి వసారాలో పెట్టుకుంది. జాకెట్లు తప్ప ఇంకేమీ కుట్టనంది. కూలి కాస్త ఎక్కువే అడిగేది గానీ, ఆమె కుట్టిన జాకెట్టు భుజం జారదు, చంక పట్టెయ్యదు. శనివారం నుంచి మంగళవారం దాకా కుడితే తల్లీకూతుళ్ళకు ఇల్లు గడిచేది. అంతటితో చాలనుకుంది.

ఊరు చాలనుకోలేదు. శుక్రవారం మిషను ఆగితే నమాజు రోజు కదా అని ఊరుకునేవాళ్ళు. బుధవారం, గురువారం ఆగితే మాత్రం ఎవరికీ మింగుడు పడేది కాదు. "ఖాళీగానే ఉన్నావుగా" అంటూ ఒకరు చంటిపిల్లను చంకనేసి పోయేవారు, ఇంకొకరు మిరపకాయల తొడిమలు తియ్యడానికి రమ్మనేవారు. మా అమ్మ కూడా తక్కువ తినలేదు, అప్పడాలు వత్తడానికి పిలిచేది. షాపులో పనిచేసినన్నాళ్ళూ ఆమెను ఇలా ఒక్కరూ పిలవలేదు. ఇంకొకడి కింద పనిచేస్తే ఆడదాని రోజుకు మర్యాద, తన కోసం దాచుకుంటే అది ఊరుమ్మడి సొత్తు! ఈ న్యాయం ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు అక్క ఒక ఉపాయం చేసింది. గురువారం పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, భుజాన సంచీ, చేతిలో టిఫిన్ డబ్బాతో చీరాల బస్సెక్కడం మొదలుపెట్టింది. చీరాలలో పని దొరికిందని ఆమె నోటితో ఎన్నడూ అనలేదు. ఊరే అలా అనుకుంది. నిన్నటిదాకా సోమరిపోతు అన్నవాళ్ళే "పాపం, ఎంత కష్టపడుతోందో" అని బస్సులో జరిగి చోటివ్వడం నేను చూశాను.

ఒక గురువారం నాడు కార్తీక పౌర్ణమి పడి బడికి సెలవొచ్చింది. నేను ఏడిచి గీపెట్టి అక్క వెంట పడ్డాను. చీరాలలో దిగాక ఏ షాపులోకీ వెళ్ళకుండా ఆమె నన్ను వాడరేవు బండెక్కించింది. అక్కడ ఎండబెట్టిన చేపల పక్కగా నడిచి, ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుంది. ఎవరి కోసం చూస్తున్నామని అడిగితే నవ్వింది.

"ఎవరూ రారే. ఊరికే కూర్చోడానికే వచ్చాం."

ప్రతి గురువారం ఇంతేనట. కాసేపు నడుస్తుంది, గోంగూర పచ్చడి కలిపిన అన్నం తింటుంది, సముద్రాన్ని చూస్తుంది, సాయంత్రం బస్సుకు ఇంటికొస్తుంది. నాకు ఆ మాట వింతగా తోచింది. ఏ పనీ లేకుండా కూర్చున్న ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మేము అన్నం తింటుండగా మా ఊరి మోతుబరి ఇంటి ఆవిడ చుట్టాలతో జీపు దిగి సముద్రస్నానానికి వచ్చింది. వాళ్ళింట్లో త్వరలో పెళ్ళి ఉంది, జాకెట్ల గుడ్డలన్నీ అక్క దగ్గరే ఉన్నాయి. ఆవిడ మమ్మల్ని చూసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమే, ఇదేనా నీ చీరాల పని? నా జాకెట్లు మూలన పడేసి ఇక్కడ షికార్లా?"

"మీ జాకెట్లు చెప్పిన రోజుకే ఇస్తానండి. ఈ రోజు నాది."

"నీదేంటే నీది? చేతిలో పని పెట్టుకుని కూర్చుంటే సోమరితనం గాక ఏమంటారు?"

"మీరూ వచ్చారుగా అమ్మా" అంది అక్క. గొంతు పెంచలేదు.

ఆవిడ ముఖం కందగడ్డయింది. ఆవిడ సముద్రానికి వస్తే పుణ్యం, మా అక్క వస్తే సోమరితనం! 

మర్నాడే ఆవిడ అక్క గుమ్మంలోకి వచ్చి గుడ్డలతో పాటు తన ఆది జాకెట్టు కూడా అడిగి తీసుకుపోయింది. కొలత కోసం దర్జీ దగ్గర శాశ్వతంగా వదిలేసే పాత జాకెట్టు అది. దాన్ని వెనక్కి తీసుకున్నారంటే ఇక నీ గడప తొక్కబోమని చెప్పినట్టే. ఆవిడ మెప్పు కోసం వారం తిరక్కుండా పెద్దిళ్ళ వాళ్ళందరూ వరసగా వచ్చి తమ ఆది జాకెట్లు పట్టుకుపోయారు. వాటిని వేలాడదీసే దండెం దాదాపు బోసిపోయింది.

ఆ తర్వాత ఆవిడే కబురు పంపింది. బుధ, గురువారాలు కూడా మిషను తెరుస్తానంటే అందరి గుడ్డలూ తానే తిరిగి ఇప్పిస్తుందట. ఎంత దయ! అక్క తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఒప్పుకోమని బతిమాలింది. వాళ్ళింట్లో పొయ్యి ఒక పూటే వెలుగుతున్న రోజులవి. మా అమ్మ గోడ మీంచి కూర గిన్నె అందించేది, అప్పడాలకు పిలవడం మానేసింది.

"షాపులో ఉంటే నా రోజులన్నీ షాపువాడివి. ఇప్పుడు ఈవిడకిస్తే ఈ మిషను ఎందుకు కొన్నట్టమ్మా?" అని అక్క తల్లినే అడిగింది. కబురు తెచ్చినామెకు మజ్జిగిచ్చి పంపేసింది.

మిర్చి కోతలు మొదలయ్యాక కూలికి పోయే ఆడవాళ్ళు ఒకరొకరే గుడ్డలు తెచ్చారు. పొద్దస్తమానం నడుం వంచి కాయలు కోసేవాళ్ళు గనక, ఒక రోజు కూర్చోవడం అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పెద్దిళ్ళ వాళ్ళలో కొందరు భుజాలు జారే జాకెట్లతో విసిగి వెనక్కి వచ్చారు. మోతుబరి ఇంటి ఆవిడ మాత్రం చచ్చేదాకా రాలేదు. అక్క ఆదాయం మునుపటంత కాలేదు. గురువారం బస్సు మాత్రం తప్పలేదు, ఇప్పుడు ఎక్కడికని ఎవరైనా అడిగితే సముద్రం చూడ్డానికని మొహం మీదే చెప్పేది.

నేనిప్పుడు గుంటూరులో పచ్చళ్ళు పెట్టి అమ్ముకుంటాను. వారానికి నాలుగు రోజులే పని. ఫోనులో ఆర్డర్లు ఎన్ని వచ్చినా అంతే. మోకాళ్ళ నొప్పులా, సుగరా అని అడుగుతారు. జబ్బుంటే సెలవు ఒప్పుకుంటారు గానీ, ఒంట్లో బాగుండి సెలవు తీసుకుంటే జనం ఇప్పటికీ ఒప్పుకోరు. నా పనిలేని రోజు చూసి ఎవరో ఒకరు ఫోను చేసి, ఇంట్లోనే ఉన్నారుగా, కాస్త వచ్చి సాయం పట్టండి, ఈవేళ మీకేం పనుందండీ అంటారు. డాక్టరు దగ్గరికెళ్ళాలనో, చుట్టాలొస్తున్నారనో అబద్ధం నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను.

"ఏ పనీ లేదండీ. అందుకే రాను" అంటాను.