పన్నెండు తర్వాతి పేజీలు

విమానం నడపడం నేర్చుకొని, పక్కన ఎవరూ లేకుండా ఒక్కణ్ణే దాన్ని గాల్లోకి లేపి దింపి, ఆ తర్వాత ఆ పనికి పుట్టుకతోనే పనికిరానని తెలుసుకున్న మనిషిని నేను. ముందే తెలిసి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నేర్చుకున్నాక తెలిసింది. "పోనియ్యి, ఇంకేదన్న పని సూస్కోరాదు" అని ఎవరైనా ఓదార్చబోతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు నా మీద ప్రేమే. ఆ ప్రేమను నేనేం చేసుకోను?

మాది పోచంపల్లి. ఇంట్లో రెండు మగ్గాలు. నేత నాయినది, రంగులు వేసే పనీ నాయినదే. అమ్మా నేనూ ముడులు కట్టేవాళ్ళం. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నేయడానికి ముందే నూలు మీద గుర్తులు పెట్టి, రంగు ఎక్కకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన సన్నటి పట్టీలు బిగించి చుట్టాలి. ఆ నూలును నాయిన ఒక రంగులో ముంచి ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పించి, మరో రంగులో ముంచుతాడు. ఎక్కడ కట్టాలి, ఏ ముడి ముందు విప్పాలి అన్నదంతా గళ్ళ కాగితం మీద అంకెల్లో ఉంటుంది. మా పనిలో లెక్క ముందు, రంగు తర్వాత. లెక్కలో నన్ను మించినవాడు మా వీధిలో లేడు. పదేళ్ళకే పెద్దవాళ్ళ డిజైన్లు కట్టేవాణ్ణి. రంగు నీళ్ళు పారే వాకిట్లో పెరిగిన పిల్లవాడికి రంగులు తెలియవన్న అనుమానం ఎవరికి వస్తుంది?

రావాల్సిన సందర్భం ఒకటి వచ్చింది. నాయిన మగ్గం మీద కూర్చొని, నాడెలో పెట్టుకునే దారపు కండె ఎర్రది అందివ్వమన్నాడు. అందించాను. అందుకోగానే నెత్తి మీద ఒక్కటి చరిచాడు.

"కండ్లు యాడ వెట్టినవ్‌రా? పచ్చది ఇస్తున్నవ్."

మళ్ళీ రెండుసార్లు అదే తప్పు చేశాను. అప్పటి నుంచి అమ్మ కండెలకు అంకెలు రాసిన కాగితం ముక్కలు అంటించి ఇచ్చేది. ఇంట్లో నాకు పరాకుగాడు అని పేరు స్థిరపడిపోయింది. పరాకు తగ్గడానికి అమ్మ పొద్దున్నే నానబెట్టిన బాదం పప్పులు తినిపించేది. నేనూ నన్ను పరాకుగాడినే అనుకున్నాను. ఎరుపూ పచ్చా అందరికీ దాదాపు ఒకేలా కనిపిస్తాయనీ, మిగతావాళ్ళు నాకంటే శ్రద్ధగా చూసి తేడా పట్టుకుంటారనీ నా నమ్మకం.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఇంటర్లో చేరాను. విమానం మాట ఇంట్లోకి తెచ్చింది మా మేనమామ. ఆయన హైదరాబాదులో క్యాబు నడుపుతాడు. పైలట్లను పొద్దున ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయి దింపడం, వచ్చినవాళ్ళను ఇంటికి చేర్చడం ఆయన డ్యూటీ. ఆ తెల్ల అంగీలు, భుజాల మీది బంగారు చారలు ఆయనకు తెగ నచ్చాయి.

"లెక్కలల్ల గింత మంచిగున్నోనికి మగ్గమెందుకు బావా?" అన్నాడు నాయినతో. "నాలుగు చారలు వెట్టుకొని వస్తరు. సప్పుడు చెయ్యకుంట ఎనుక సీట్ల కూసుంటరు. మన పోరడు గూడ గట్ల కూసుంటే నేను డోరు తీస్త."

నాయిన నవ్వి ఊరుకున్నాడు. కానీ మాట లోపలికి దిగింది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చునే బతుకు తనతోనే ఆగిపోవాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. నా ఇంటర్ అయ్యాక బస్టాండు దగ్గర మాకున్న జాగా అమ్మేశాడు. ఆ సంగతి నేను శిక్షణలో చేరిన తర్వాత గానీ నాకు తెలియనివ్వలేదు.

పైలట్ చదువులో వైద్య పరీక్షలు రెండుంటాయి. నేర్చుకోవడం మొదలుపెట్టడానికి చిన్నది, ఉద్యోగపు లైసెన్సు చేతికి రావడానికి పెద్దది. చిన్నదానికి సిటీలో ఒక డాక్టరు దగ్గరికి పోవాలి. ముందురోజు, అప్పటికే శిక్షణలో ఉన్న ఒక సీనియర్ ఫోనులో ఒక కాగితం ఫొటో పంపాడు. ఏ గదిలో ఏం చేస్తారో, ఏమడుగుతారో వరుసగా రాసి ఉంది. చివర కంటి పరీక్షలో చూపించే చుక్కల పుస్తకం. ఒకటో పేజీ పన్నెండు, రెండో పేజీ ఎనిమిది, అట్లా అన్ని పేజీల జవాబులూ ఉన్నాయి.

"గిది గూడ ఒకసారి సూస్కొని పో" అన్నాడు.

మా చదువులు తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. మా కాలేజీలో ఫిజిక్సుకు బిట్ బ్యాంకు, కెమిస్ట్రీకి బిట్ బ్యాంకు. ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు పెట్టేవాడే మొనగాడు. పరీక్ష అన్నాక జవాబులు చదువుకొని పోతారు, పోనివాడు సోమరి. నేను సోమరిని కాను. సిటీకి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆ అంకెలన్నీ బట్టీ పట్టాను.

డాక్టరు పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో చుక్కల మధ్య పన్నెండు స్పష్టంగా కనబడింది. పన్నెండన్నాను. రెండో పేజీలో నాకు చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. పాత పుస్తకం, అచ్చు వెలిసిపోయింది కాబోలనుకొని, ఎనిమిదన్నాను. ఆయన తిప్పుతూ పోయాడు, నేను అప్పజెబుతూ పోయాను. సగం పేజీలు నా మొహం కూడా చూడకుండానే తిప్పి సంతకం పెట్టాడు. మొదటి పేజీలో అంకె అందరికీ కనబడుతుందని, మిగతా పేజీల్లోనూ మామూలు మనుషులకు అంకెలు కనబడతాయని, కనబడతాయో లేదో చూడటానికే ఆ పుస్తకమని నాకు తట్టనే లేదు. డాక్టరును మోసం చేశావా అని తర్వాత చాలామంది అడిగారు. మోసం చేయాలన్నా కొంత తెలివి ఉండాలి కదా.

శిక్షణ మా పాత జిల్లాలోనే, కృష్ణా నది వైపు ఒక చిన్న రన్‌వే మీద. ఎగరడం నాకు వచ్చింది. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఏడుపుకు చెప్తున్నాను. కొందరికి నెలలు పట్టే ల్యాండింగు నాకు తొందరగా చేతికొచ్చింది. మగ్గం దగ్గర పెరిగినవాడికి రెండు చేతులూ రెండు కాళ్ళూ వేర్వేరు పనులు చేయడం కొత్త కాదు. నేర్పే ఆయన రిటైరైన ఉత్తరాది పెద్దమనిషి. హిందీలో తిట్టేవాడు, తిడుతూనే నేర్పేవాడు. హుజూర్‌నగర్ వైపు పోయినప్పుడు, పచ్చటి వరి పొలాలు అయిపోయి ఎర్ర నేల మొదలయ్యే చోట మలుపు తిప్పమనేవాడు. ఆ అంచు నాకెప్పుడూ దొరకలేదు. అందుకని కాలువ వంపులు, రోడ్ల కూడళ్ళు, దూరంగా మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు గుర్తు పెట్టుకున్నాను. ఎక్కడ తిప్పాలో అక్కడే తిప్పేవాణ్ణి. నేలను ఇంతగా గుర్తుపెట్టుకునే కుర్రవాణ్ణి చూడలేదని ఆయన ఒకసారి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు రెండు రోజులు కడుపు నింపింది.

మొదటిసారి ఒక్కణ్ణే ఎగిరిన రోజు పక్క సీటు ఖాళీగా ఉంటే విమానం తేలికై అనుకున్నదానికంటే ముందే లేచింది. పైన నేను గట్టిగా నవ్వాను. వినడానికి ఎవరూ లేరు కాబట్టి ఇంకా గట్టిగా నవ్వాను. దిగాక తోటివాళ్ళు అలవాటు ప్రకారం బక్కెట్లతో నీళ్ళు కుమ్మరించారు. తడిబట్టలతోనే ఇంటికి ఫోను చేస్తే నాయిన, "పైలంగ దిగినవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. నా జీవితంలో సంతోషం ఎంతసేపుందని ఎవరైనా అడిగితే ఆ పూట చూపిస్తాను.

పెద్ద వైద్య పరీక్షకు తేదీ దొరకడం ఆలస్యమైంది. ఈలోగా ఎగురుతూ ఉండవచ్చన్నారు, ఎగిరాను. లైసెన్సుకు ఎగరాల్సిన గంటల్లో మూడొంతులకు పైగా అయ్యాక పిలుపొచ్చింది. అక్కడి డాక్టరమ్మ నిదానస్తురాలు. చుక్కల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి కాకుండా మధ్యలో తెరిచింది. నేను ఒకటో పేజీ నుంచి లెక్క పెట్టుకోవాలి కదా, ఇది ఎన్నో పేజీ అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"పేజీతో నీకేం పని? ఏం కనబడుతుందో చెప్పు" అంది.

"చుక్కలు" అన్నాను.

ఇంకో పేజీ తెరిచింది. చుక్కలు. ఇంకోటి. చుక్కలు. ఆమె గొంతు మెత్తబడింది. డాక్టర్ల గొంతు మెత్తబడితే భయపడాలని నాకు అప్పుడు తెలిసింది. చీకటి గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న దీపాలు చూపించి రంగులు చెప్పమన్నారు. చెప్పాను. ఎన్ని తప్పో వాళ్ళు చెప్పలేదు. ఎరుపూ ఆకుపచ్చా వేరుగా కనిపించని కళ్ళు, పుట్టుకతో వచ్చేది, మందు లేదు, ఆపరేషన్ లేదు, అద్దాలు లేవు అన్నారు. ఎక్కువమందికి తల్లి వైపు నుంచి వస్తుందన్నారు. మళ్ళీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంకో ఊరు, ఇంకో డాక్టరు, అదే మాట. రన్‌వే దీపాలు, రాత్రిపూట ఎదురయ్యే విమానం రెక్కల కొసల దీపాలు ఎరుపూ ఆకుపచ్చా ఉంటాయి. అవి తెలియనివాడి వెనకాల ఇంతమందిని ఎట్లా కూర్చోబెడతారు? వాళ్ళ మాట న్యాయమే. న్యాయమైన మాట మీద కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేదు.

మామకు ఫోనులో చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు.

"అందరికీ గట్లనే గద అల్లుడూ? రెండూ ఒక్క తీరే ఉంటయి. సిగ్నల్ల మీదిది ఎర్ర, కిందిది పచ్చ అని యాదివెట్టుకుంటం. గంతే గద?"

"అందరికి గట్లుండదు మామా" అన్నాను. ఇన్నేళ్ళూ సిటీ నిండా బండి తిప్పిన మనిషి, ఆ నిమిషంలో తన సంగతీ తెలుసుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆయన విమానాల ఊసెత్తలేదు.

తల్లి వైపు నుంచి వస్తుందన్న ముక్క ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. డాక్టర్లు ఏమన్నారని గుచ్చి గుచ్చి అడిగితే విసుగులో అనేశాను. అమ్మ చేస్తున్న పని ఆపింది.

"నా కడుపుల వుట్టినందుకేనా బిడ్డా?"

కాదని చెప్పాను, తిట్టాను, ఒట్టు పెట్టాను. ఆమె వారం రోజులు నాకు అన్నం పెట్టేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. నాయిన మాత్రం జాగా గురించి, పోయిన ఏళ్ళ గురించి ఒక్క మాట అనలేదు. నేను గోడకు తిరిగి పడుకొని ఏడుస్తుంటే పక్కన కూర్చొని వీపు మీద చెయ్యి వేసి ఉంచేవాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఊళ్ళోనే ట్యూషన్ సెంటరులో ఫిజిక్స్ చెబుతాను. తెల్లటి వెలుగు పట్టకం గుండా పోతే ఏడు రంగులుగా విడిపోతుందని బోర్డు మీద బొమ్మ గీసి, ఆ ఏడూ వరుస తప్పకుండా చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. పోయిన నెల ఒక పిల్ల, సార్ పైలట్ కావాలంటే ఏం చదవాలి అని అడిగింది. ముందు కళ్ళు చూపించుకో అని అరిచినంత పని చేశాను. పాపం బెదిరిపోయింది.

అన్నిటికంటే నన్ను విరగ్గొట్టింది మాత్రం విమానం కాదు. మళ్ళీ పరీక్ష చేసిన డాక్టరు కాగితం వచ్చిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున నాయిన మగ్గం దగ్గరికి పిలిచాడు. పట్టుచీర దాదాపు అయిపోవచ్చింది. అంచు దగ్గర ఒక చోట వేలు పెట్టాడు.

"గీడ ఎన్ని రంగులున్నయి?"

కాగితం మీది డిజైను నాకు తెలుసు, లెక్క ప్రకారం చెప్పేయవచ్చు. అప్పటికి బట్టీ పట్టిన జవాబులతో విసిగిపోయి ఉన్నాను. నిజం చెప్పాను.

"రెండు, నాయినా."

ఆయన వేలు అక్కడే ఉంది. "నాలుగున్నయి" అన్నాడు. "గీ రెండింటిని ఇడగొట్టనీకె పదకొండు దినాలు రంగు నీళ్ళల్ల చేతులు నానవెట్టిన. నీకు రెండూ ఒక్క తీరే ఉన్నయా?"

"ఒక్క తీరే ఉన్నయి."

"మరి సిన్నప్పటి సంది, చీర దిగినప్పుడల్లా మంచిగుంది నాయినా, మంచిగుంది నాయినా అంటుంటివి గదరా..."

అది అబద్ధం కాదు. నాకు కనబడినంతలో అవి బాగానే ఉండేవి. ఆ మాట చెబితే ఆయనకు ఇంకెంత తగులుతుందో అని చెప్పలేకపోయాను. ఆయన నా మీద కోపగించుకోలేదు. ముప్పై ఏళ్ళుగా తను చేసిన పనిని సొంత కొడుకు ఒక్కసారి కూడా చూడలేదని అర్థమైన మనిషి మొహం ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను. అది చూడటానికి నా కళ్ళు సరిపోయాయి.

ఇప్పుడు చీర మగ్గం దిగితే అమ్మను పిలుస్తాడు. అమ్మ లేకపోతే పక్కింటివాళ్ళను పిలిచి, వెలుతురులో పరిచి చూపిస్తాడు. నన్ను పిలవడు. నేను పక్క గదిలోనే ఉంటాను.