గడ్డివాము పక్కన పడుకున్న మనిషి

గడ్డి కోయడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పొడుగు పిడి కొడవలి పట్టి మైదానంలోకి దిగాడంటే, వెనక వచ్చేవాళ్ళకి ఆయన వీపు తప్ప ఇంకేమీ కనపడేది కాదు. అలాంటి మనిషికి ఊరంతా కలిసి పెట్టిన పేరు నిద్రగన్నేరు. దానికి కారణం ఒక బొమ్మ.

ఆయనకి పెళ్ళయిన కొత్తల్లో, గడ్డికోతల కాలంలో, పట్నం నుంచి ఒక చిత్రకారుడు వచ్చి వాగు అవతలి దిబ్బ మీద గొడుగు పాతుకుని కూర్చున్నాడు. కోతలు అయ్యేదాకా అక్కడే ఉండి, ఎవరితోనూ పట్టుమని నాలుగు మాటలు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఊరు అతన్ని మర్చిపోయింది. కొన్నేళ్ళకి అతను వేసిన బొమ్మ మ్యూజియంలోకి ఎక్కింది. అక్కణ్ణించి పాఠ్యపుస్తకాల్లోకి, బిస్కెట్ డబ్బాల మీదికి, ఆఖరికి కేలెండర్ల మీదికి దిగింది.

ఆ కేలెండర్‌ని ఊరికి తెచ్చింది ఆయన మరదలు. పట్నంలో బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. అక్క వంటింట్లో బల్ల మీద పరిచి, వేలు పెట్టి ఒక్కొక్కరినే పోల్చుకుంది. ఎర్ర రుమాలు కట్టుకుని గడ్డి పోగేస్తున్నది అక్క. బండి మీద నిలబడ్డది పెద్దబావ. పంగలకర్ర పట్టుకున్నది పక్కింటి పాలాయన. గడ్డివాము పక్కన, ముఖం మీద టోపీ వేసుకుని, బారుగా ఒక ఆకారం.

"అందరూ ఉన్నారు, నువ్వొక్కడివే లేవు. మరి ఈ పడుకున్నదెవరు బావా?"

"నేను మాత్రం కాదు. కొడవలికి పదును పెట్టుకుందామని వాగులోకి దిగుంటాను."

"వాగులో కనపడవే?"

"చెట్ల చాటున ఉన్నాను."

"పని ఎగ్గొట్టేవాళ్ళకి ఎక్కడో ఒక చెట్టు దొరుకుతుందిలే."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే."

"నేను తల వంచుకుని గడ్డి పోగేస్తున్నాను. ఏం చూశానని చెప్పను?" అంది ఆవిడ, నవ్వు దాచుకుంటూ గిన్నె తోముకుంటూ.

తెల్లారేసరికి మాట ఊరంతా పాకింది. ఆయన కోతకి వెళుతుంటే, "మావయ్యా, దిండు మర్చిపోయావు" అని అరుగుల మీంచి కేకలు. కడుపు మండి ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. ఎంత చేస్తే ఏం లాభం, కేలెండర్‌లో మాత్రం లేచేవాడు కాదు.

తర్వాత బొమ్మ చూసినవాళ్ళు మైదానం చూడటానికి రావడం మొదలెట్టారు. వచ్చినవాళ్ళు ఎర్ర రుమాలు గురించి అడగరు, బండి గురించి అడగరు, ఆ నిద్రపోయే మనిషి ఎవరని అడుగుతారు. పాఠాలు చెప్పుకునే ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని, "ఈ బొమ్మలో ఉన్న హాయంతా మీదేనండీ" అంది. ఆయన కాదని చెప్పబోయి, ఎందుకో దగ్గి ఊరుకున్నాడు. ఆ ఏడాది నుంచి ఎవరైనా వస్తున్నారంటే గడ్డం గీసుకుని కూర్చునేవాడు.

ఆయనకి జుట్టు నెరిశాక చిత్రకారుడు మళ్ళీ వచ్చాడు. దిబ్బ మీద అతని పేరుతో ఒక బల్ల వేయించి, ఊరివాళ్ళే పిలిపించారు. అతను కర్ర ఊతంగా ఆ బల్ల మీద కూర్చున్నాక, అందరూ టీ తాగడానికి వెళ్ళే సందు చూసుకుని ఆయన మెల్లగా అతని దగ్గరికి చేరాడు.

"అయ్యా, ఒక్క మాట. ఆ రోజు నేను నిద్రపోయానా?"

"మీరెవరు?"

"వాము పక్కన పడుకున్నవాణ్ణి."

చిత్రకారుడు కళ్ళు చికిలించి మైదానం వైపు చూశాడు. "అక్కడ మనిషెవరూ లేరే. ఎవరిదో కోటూ టోపీ పరిచి ఉన్నాయి. ఆకుపచ్చలో ఆ ముదురు రంగు బాగుందని వేశాను."

"మరి నేనో?"

"చెట్ల వెనక నుంచి సానరాయి చప్పుడు మాత్రం వినపడుతుండేది. మనిషి కనపడలేదు. కనపడనిది ఎలా వేస్తాను?"

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. తను నిజంగానే పనిలో ఉన్నాడు. నింద పోయింది, కానీ దాంతోపాటు బొమ్మలోంచి తనూ పోయాడు.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు."

"అయితే అడిగినా చెప్పకండి. మీకు పుణ్యముంటుంది."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, భార్య అడక్కుండానే అర్థం చేసుకుంది.

"అది కోటు అని చెప్పాడా?"

ఆయన ముద్ద అలాగే పట్టుకుని చూశాడు. "నీకు తెలుసా?"

"చెమటకి తడిసిపోయిందని మీ కోటుని అక్కడ ఎండేసింది నేనే. కిందికి జారకుండా టోపీ బరువు పెట్టాను."

"ఇన్నేళ్ళూ నన్ను అందరి నోళ్ళలో నానబెట్టి నోరు విప్పలేదేం?"

"విప్పుదామనే అనుకున్నాను. మీరేమో తిట్టుకుంటూనే ప్రతి ఏడూ కేలెండర్ తెచ్చి గోడకి కొడుతున్నారు. పాపం, మురిసిపోతున్నారు కదా అని ఊరుకున్నాను."

ఆయన గోడ మీది కేలెండర్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత పచ్చడి అడిగి వేయించుకుని, కడుపునిండా తిన్నాడు.

మర్నాడు బస్సు దిగి కొత్త జంట ఒకటి గుమ్మంలోకి వచ్చింది. నిద్రపోయింది మీరేనా అని అడిగారు. అవునన్నాడు. ఆ మధ్యాహ్నం గాలి ఎలా వీచిందో, రెప్ప ఎలా వాలిందో, ఏం కల వచ్చిందో కూడా చెప్పాడు. ఆయన భార్య వాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ, "గురక కూడానండీ. బండి దాకా వినపడింది" అని సాక్ష్యం పలికింది.