పదిహేనో గడి

ఎనిమిదేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. 2.3. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

జహీరాబాద్ దగ్గర ఒక మందు గోలీల కంపెనీలో, నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. పెద్ద చదువులు లేవు. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. వరస చూస్తే తర్వాతి అంకె చెబుతానని పేరు. ఆ పేరంటే గర్వం.

ఎనిమిదేళ్ల కింద గోలీల పొడిని ఆరబెట్టే పాత డ్రయ్యర్ తీసేసి కొత్తది పెట్టారు. మా దగ్గర ఏ మార్పునూ ఊరికే ఒప్పుకోరు. మూడు బ్యాచ్‌లు నడపాలి, ఒక్కోదానిలో ఐదు చోట్ల తేమ కొలవాలి, కాగితంలో పదిహేను గడులూ నిండాకే సంతకం. తేమ రెండున్నర శాతం దాటకూడదు. డ్రయ్యర్ ఎడమ మూలలో మొదటిసారి 2.2 వచ్చింది, రెండోసారి 2.4. మూడో బ్యాచ్‌లో ఆ మూల ఒక్కటే మిగిలి ఉండగా మేనేజర్ ఫైలు కోసం మనిషిని పంపాడు. కొలవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నేను పెన్ను తీశాను.

"జర ఆగున్రి సారూ," అన్నాడు డ్రయ్యర్ నడిపే రత్నం. కోహీర్ మనిషి, నాకన్నా పెద్దవాడు. "ఆ మూల పొడి చేతికి అంటుతున్నది. ఇంట్ల అల్లం ఆరబోసి శొంటి చేసేటోన్ని, పచ్చిదేదో నాకెరుక లేదా?"

"నీ అల్లం ముచ్చట ఈడెందుకు రత్నమన్నా? నీ చెయ్యేమన్న మిషినా?"

నవ్వాడు. "మిషిన్ కాదు గనుకనే చెప్తున్న."

2.3 అని రాశాను. 2.2, 2.4 తర్వాత ఏం రావచ్చో నాకు తెలియదా? తెలుసు, 2.6. తెలిసే, చూసినవాళ్లు నమ్మే అంకె ఎంచుకున్నాను. తొందరలో రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తొందరలో ఉన్నవాడు అంత జాగ్రత్తగా ఎంచుకుంటాడా?

మార్పు ఖాయమైంది. ఆ తర్వాత రోజూ కొలిచేది మధ్యలో ఒక్కచోటే. నాలుగు నెలలకు గోలీలు ఒకదానికొకటి అంటుకుపోయి, మచ్చలు పడి, దుకాణాల నుంచి వెనక్కి వచ్చాయి. విచారణలో నా కాగితం చూశారు. పదిహేను గడులూ బాగున్నాయి, కాబట్టి మిషన్ మంచిదే, కాబట్టి తప్పు మనిషిదే. రత్నం పొడిని ఆరకముందే తీసేశాడని రాసి పనిలోంచి పంపేశారు. ఆ గదిలో అతను నా వైపే చూస్తూ కూర్చున్నాడు, నేనేదో చెబుతానని. నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇక ఆ గోలీలు మింగినవాళ్లు? ఎందరో, ఎవరో. ఆ ఒక్క లెక్క నాకు రాదు.

మొన్న మార్కెట్‌లో రత్నం కనిపించాడు. అల్లం బస్తాలు కుడుతున్నాడు. మంచిగున్నరా సారూ అని తనే పలకరించాడు. చెప్పేద్దామనుకున్నాను. అతను ఒక కొమ్ము విరిచి వేళ్లతో నలిపి చూస్తున్నాడు. ఆ వేళ్లనే చూస్తూ నిలబడి, తల ఊపి వచ్చేశాను.

ఆ డ్రయ్యర్ ఎప్పుడో పోయింది. ఫైలు మూసేశారు. దిద్దడానికి గడి కూడా మిగల్లేదు. ఇది రాసినంత మాత్రాన అతని పని తిరిగి రాదు, నా తప్పూ పోదు. అయినా ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మూడో బ్యాచ్, ఎడమ మూల: కొలవలేదు.