తొట్టిలో హద్దురాయి

నేను సర్వేయర్ని. పాతికేళ్లుగా ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప చేలకూ పత్తి చేలకూ హద్దులు చూపించడమే నా పని. మొదట్లో గొలుసు లాగేవాళ్లం, ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్ యంత్రం వచ్చింది. యంత్రం మారింది గానీ తగాదా మారలేదు. గట్టు మీద ఇద్దరు రైతులు కేకలు వేసుకుంటూ ఉంటారు. నేను కొలిచి రాయి పాతిస్తాను. ఇద్దరూ దానికి పసుపు కుంకుమ పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు పోతారు. రాయి పడితే నోరు మూతపడుతుందని మా వాళ్లలో ఒక మాట ఉంది. ఇంట్లో చేపల తొట్టి విషయంలోనూ ఆ మాట నమ్మడమే నేను చేసిన తప్పు.

గుంటూరులో మా హాల్లో, కిటికీ పక్కన నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో పది టెట్రాలు, నాలుగు మోలీలు అనే చిన్న రంగు చేపలు, అరచేయంత గౌరామి చేప ఒకటి ఉండేవి. ఒంటినిండా తెల్ల చుక్కలున్న ఆ గౌరామి మా ఆవిడది. ఆరేళ్లుగా మాతో ఉంది. పొద్దున్నే ఆవిడ కిటికీ వైపు, అంటే తొట్టికి ఎడమ పక్క, కుర్చీ వేసుకుని వేలు నీళ్లలో పెట్టేది. అది నిదానంగా పైకి వచ్చి, మీసాల్లాంటి రెండు పోగులతో వేలిని తడిమి, మేత తినేది. మాకు పిల్లల్లేరు. ఆ సంగతికీ ఈ చేపకూ సంబంధం ఉందని ఆవిడ ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు.

తొట్టిలో కాస్త సందడి ఉంటుందని నేనే సిక్లిడ్ జాతి చేపలు రెండు తెచ్చాను. బూడిద రంగు ఒంటి మీద నల్ల చారలు, వేలెడంత పిల్లలు.

"తీసుకెళ్లండి సార్, నోట్లో వేలు పెట్టినా కొరకవు," అన్నాడు దుకాణం ఆయన.

ఏకులా వచ్చి మేకై కూర్చున్నాయి. కొన్ని నెలలకు జతకట్టి, తొట్టిలో కుడి సగం మాదే అన్నాయి. గులకరాళ్లు నోటితో మోసి గుంటలు తీశాయి. అటు వచ్చిన టెట్రాలను తరిమాయి. చురుకైనవి తప్పించుకున్నాయి గానీ, గౌరామి పెళ్లినడకది. దాని తోక చిరిగింది.

"ఏవండీ, వాటిని దుకాణంలో ఇచ్చేసి రండి," అంది మా ఆవిడ.

"తొందరపడకు. హద్దు తెలియక కొట్టుకుంటున్నాయి."

"చేపలు కూడా మీకు అర్జీ పెట్టుకున్నాయా?"

వంటింటి గట్టు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి పలక ఒకటి పెరట్లో ఉంది. దాన్ని శుభ్రంగా కడిగి, టేపు పెట్టి కొలిచి, తొట్టి నడిమధ్య నిలబెట్టాను. అటు వాటికి, ఇటు మిగతా అందరికీ. పసుపు కుంకుమ మర్చిపోయారని ఆవిడ ఎగతాళి చేసింది. రెండు రోజులు తొట్టి నిశ్శబ్దంగా ఉంది. ఆఫీసులో కూడా గొప్పగా చెప్పుకున్నాను. మూడో రోజు ఆడచేప పలకను నోటితో రుద్దుతూ కనిపించింది. రాయిని ఒప్పుకుందనుకున్నాను. సాయంత్రానికి ఆ రాయి నిండా గోధుమ నూకల్లా గుడ్లు అంటుకుని ఉన్నాయి.

ఈ జాతి చేపలు గుడ్లు పెట్టడానికి అచ్చం ఇలాంటి పలకనే వెతుక్కుంటాయని నాకు తర్వాత తెలిసింది. కొరివితో తల గోక్కున్నాను. రాయి వాటి పొలానికి హద్దు కాలేదు, పొలం మధ్య ఇల్లయింది. ఇక తొట్టంతా వాటిదే. ఎడమ పక్క నుంచి కూడా తరిమితే, గౌరామి పలక పక్క సందులోంచి దూరి కుడి చివర ఫిల్టరు గొట్టం వెనక ఇరుక్కుంది. అది గాలి కోసం నీటిపైకి వచ్చి తీరాలి. వచ్చినప్పుడల్లా మగచేప బాణంలా వెళ్లి గుద్దేది.

ఆ పొద్దున ఆవిడ ఎప్పట్లాగే ఎడమ పక్క కూర్చుని వేలు పెట్టింది. గౌరామి రాలేదు. ఆడ సిక్లిడ్ వచ్చి కొరికింది. ఆవిడ వేలిని కొంగుతో తుడుచుకుంది.

"నా వేలికేం కాలేదు. అది గాలి పీల్చుకోడానిక్కూడా రాలేకపోతోందండీ," అంది.

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాకు సిగ్గేసింది. పాతికేళ్ల నా పనితనం మీద మొదటిసారి అసహ్యం వేసింది.

సెలవు పెట్టాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఆ తొట్టి నీళ్లే పోసి, గాలి పంపు పెట్టి, గుడ్లతో సహా పలకను అందులోకి దించాను. వల పట్టుకుని గంటసేపు కుస్తీపడితే గానీ మగచేప దొరకలేదు. టబ్బులో పడిన కాసేపటికే రెండూ ఏమీ జరగనట్టు గుడ్లకు రెక్కలతో విసరడం మొదలుపెట్టాయి. పిల్లల్ని కాచుకునే జీవాల మీద కోపం పెట్టుకోవడం మా ఇద్దరికీ చేతకాలేదు. అవి ఇప్పటికీ వరండాలో వేరే తొట్టిలో ఉన్నాయి.

టెట్రాలు గంటలో తొట్టంతా పరుచుకున్నాయి. గౌరామి మాత్రం ఎడమ పక్కకు రాలేదు. ఫిల్టరు వెనక నుంచి బయటికొచ్చి, పలక ఉన్న చోటిదాకా ఈది, వెనక్కి తిరిగేది. ఆ చోటు నాకు అంగుళంతో సహా తెలుసు. నాలుగు రోజులు అంతే. ఆవిడ కిటికీ దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేది, మేత నీళ్లలో నానిపోయేది.

అయిదో రోజు ఆవిడ లేచి, కుడి పక్కనున్న టీవీ బల్లను గోడకేసి నెట్టి, కుర్చీ అక్కడ వేసుకుంది. ఆ రోజూ అది రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా హాల్లోంచి చిన్న నవ్వు వినిపించింది. వెళ్లి చూశాను. చిరిగిన తోక ఆడిస్తూ గౌరామి ఆవిడ వేలిని తడుముతోంది.

"హద్దు దాటిందా?" అన్నాను.

"అది దాటలేదండీ," అంది చేప మీంచి చూపు తిప్పకుండా. "నేనే దాటొచ్చాను."