గోడ మీది పేరు

వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాక మా ఊరికి సర్కారు ఇచ్చే కంట్రోలు గింజలే దిక్కయ్యాయి. పటాన్‌చెరు దాటి సంగారెడ్డికి పోయే బొంబాయి రోడ్డు నుంచి కోసెడు దూరం లోపలికి ఉండేది మా ఊరు. వారానికొకసారి చావడిలో జొన్నలు కొలిచేవారు. కొలిచేది పటేలు. మా నాయన పాలుకు చేసే మెట్ట చెలక కూడా ఆయనదే.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. సంగారెడ్డిలో మేనమామ ఇంట్లో ఉండి ఆరో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్నాను. ఊరి ఆడవాళ్లలో సర్కారు కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే.

మా పక్కింట్లో, ఊరంతా పిన్నమ్మ వరసన ఖాలా అని పిలిచే ఆమె ఉండేది. ఊరూరూ తిరిగి గాజులు అమ్మేది. కరువులో గాజులు వేయించుకునేదెవరు? ఎండాకాలం మొదట్లో ఆమె భర్త జ్వరంతో పోయాడు. నెల తిరగకముందే పటేలు ఆమె రేషన్ కార్డు తీసేసుకున్నాడు. "కార్డు నీ మొగుని పేరు మీదుండె. మనిషే లేకపాయె, ఇగ గింజలేడికెల్లి వస్తయి?" అన్నాడట.

ఆమెకు ముగ్గురు పిల్లలు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, ఉడకబెట్టి పెట్టేది. చిన్నది కడుపు పట్టుకుని ఏడుస్తుంటే గోడ ఇవతల నాకు వినిపించేది. అమ్మ మా గంజిలో కొంత వంచి ఇచ్చేది గానీ, ఆ గంజిలో మెతుకులు వెతుక్కోవలసిందే.

ఒక రోజు సంగారెడ్డి నుంచి గిర్దావరు అనే రెవెన్యూ అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. ఎవరెవరికి గింజలు ఇస్తున్నారో ఆ జాబితా చావడి గోడకు అంటించాలట. పొద్దున్నే అందరం సంచులు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. ఖాలా ఖాళీ చేతులతో వచ్చి నా పక్కన నిలబడింది.

గోడ మీది జాబితా ఉర్దూలో ఉంది. ఊసుపోక చదువుతూ పోయి ఒక పేరు దగ్గర ఆగిపోయాను. అది ఖాలా భర్త పేరు. పక్కన ఐదుగురు మనుషులని, పోయిన వారం దాకా గింజలు ముట్టినట్టు రాసి ఉంది.

నాయన చెవిలో చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. విత్తనాలేసే యాల్లయింది. చెలక గుంజుకుంటే ఏం జేద్దాం?"

గిర్దావరు కుర్చీలో కూర్చుని, "అందరికి గింజలు ముడుతున్నయా?" అని అడిగాడు. పటేలు ఆయన వెనకే నిలబడి మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు.

ఖాలా ముందుకు నడిచింది. "నాకు ముడుతలెవ్వు సర్కార్."

"మొగుడు సచ్చిపోయిండు సాబ్," అన్నాడు పటేలు. "పేరు కొట్టేసినం."

"మొగుడు పోతే పిల్లల ఆకలి గుడ పోయిందా?" ఖాలా గొంతు పెరిగింది. "నేను బిచ్చం అడుగుతలేను. నా పిల్లల హక్కు అడుగుతున్న."

"పేరు లేకుంటే నేనేం జెయ్యాలమ్మా? పక్కకు జరుగు," అన్నాడు గిర్దావరు విసుగ్గా.

ఆమె పక్కకు జరగబోయింది. అప్పటిదాకా నాయన నా మణికట్టు పట్టుకునే ఉన్నాడు. నేనే విడిపించుకున్నానో, ఆయనే వదిలాడో ఇప్పటికీ తెలియదు.

"పేరు ఉన్నది సాబ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గోడ మీద ఉన్నది."

"నీకు సదువొస్తదా?" అన్నాడు గిర్దావరు.

"వస్తది."

"సదువు."

గోడ దగ్గరికి వెళ్లి చదివాను. తండ్రి పేరుతో సహా ఆ పేరు, ఐదుగురు, పోయిన వారం దాకా. ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వరుసలో ఎవరో దగ్గి, సగంలో ఆపుకున్నారు.

గిర్దావరు లేచి వచ్చి తనే వేలు పెట్టి చూసుకున్నాడు. "ఇదేంది పటేల్?"

"రాసుడుల తప్పు వడ్డది సాబ్."

"అయితే ఈ వారానివి ఆమెకు కొలువు. ఇప్పుడే. నా ముంగట."

పటేలు కొలిచాడు. ఖాలా కొంగు పట్టింది. ముడి వేసుకుంటూ, "మరి ఇన్ని వారాలయి?" అని అడిగింది. "అయి తర్వాత సూద్దాం," అన్నాడు గిర్దావరు. అవి ఎన్నడూ రాలేదు. ఆ రోజు నుంచి ఆమె గింజలు మాత్రం ఆగలేదు.

మూడో నాడు పటేలు మనిషి మా గుమ్మం బయటే నిలబడి, "ఈ యేడు చెలక ఇంకొకలకు ఇచ్చిండు," అని చెప్పి వెళ్లిపోయాడు. నాయన బొంబాయి రోడ్డు మీద కంకర కొట్టే పనికి కుదిరాడు. సాయంత్రం చేతులు బొబ్బలెక్కి వచ్చేవాడు. నేను నీళ్లు పోస్తుంటే నా వైపు చూసేవాడు కాదు.

ఒక పొద్దున ఖాలా చాటలో జొన్నలు పోసుకుని వచ్చింది. అమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

"నీ పిల్లలకు పెట్టుకో పో."

"నా వల్లనే గద మీ చెలక పాయె."

"నీ వల్ల గాదు. నీ గింజలు తిన్నోని వల్ల."

చాట ఇద్దరి మధ్య కాసేపు అటూ ఇటూ అయింది. చివరికి నాయన లోపల్నుంచి, "తీస్కో," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట మా ఇంట్లో రొట్టెలు కాల్చారు. నాయన తన రొట్టెలో సగం తుంచి నా పళ్లెంలో వేశాడు.

మరునాటి నుంచి నేను కూడా ఆయన వెంట కంకర కొట్టడానికి పోయాను.