తీగ రాని పాకం

మొన్న తార్నాకలో మా ఇంట్లో మనవరాలు బల్ల నిండా చిన్న చిన్న గాజుసీసాలు పరుచుకుని, ఒక పెద్ద డబ్బాలోంచి మేపుల్ సిరప్ అనే పాకాన్ని వాటిలో పోస్తూ, స్నేహితురాళ్లకు ఇవ్వాలి, సీసాల మీద పేర్లు రాసిపెట్టమని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎక్కడో చలిదేశంలో చెట్టుకు గాటు పెట్టి, కారిన నీటిని కాచి దాన్ని తీస్తారట. ఆ మాట వినగానే నవ్వొచ్చింది. చెట్టు నీళ్లు కాచి సీసాలకెత్తే పని నేను పద్నాలుగు చలికాలాలు చేశాను. నా ఈడు వారికి చెబితే అర్థమవుతుంది, కొన్ని తీపి వాసనలు తగిలితే ఇప్పటికీ నాకు ఊపిరాడదు.

అప్పట్లో నేను యూనివర్సిటీ క్వార్టర్సులో ఒక లెక్చరరమ్మగారి ఇంట్లో పనిచేసేదాన్ని. మా ఆయన మమ్మల్ని వదిలి వెళ్లిపోయాక, అమ్మగారే పెరటి గదిలో నాకూ మా అమ్మాయికీ చోటిచ్చి, తమ చర్చివారి బడిలో పిల్లను చేర్పించారు. కోస్తా వైపు నుంచి వచ్చిన కుటుంబం వారిది, తాటిపాకమంటే ప్రాణం. మా పుట్టింటివారు ఈతచెట్లు గీస్తారని తెలిసి, ఒక ఏడు సరదాగా నా చేత ఈతపాకం కాయించి, చిటికెడంత సీసాల్లో పోయించి, ఎర్ర రిబ్బను కట్టి క్రిస్మస్‌కు నాలుగిళ్లకు పంచారు. మరుసటేడు చర్చి మొత్తం ఆ సీసాల కోసం ఎదురుచూసింది. కాచిగూడ నుంచి గంపలకొద్దీ ఖాళీ సీసాలు వచ్చేవి. వాటిని వేడినీళ్లలో కడిగి నులకమంచం మీద ఎండబెట్టడంతోనే నాకు పండుగ మొదలయ్యేది.

మా మేనమామ పొద్దు పొడవకముందే లోపల సున్నం పూసిన లొట్లలో, అంటే మట్టికుండల్లో పట్టిన నీరా, ఇంకా పులియని ఈతనీళ్లు, తెచ్చి పెరట్లో దించేవాడు. కట్టెలపొయ్యి మీద నురగ తీస్తూ తీస్తూ కాస్తుంటే, ఏ మూడింటికో గాని రంగు తిరగదు. రెండు వేళ్ల మధ్య తీగ సాగితేనే దించాలి, ముందే దించితే నిలవ ఉండదు, పులిసి పొంగుతుంది. మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది.

మూడో ఏడు యూనివర్సిటీ హాస్టల్ అమ్మాయిలు కొందరు సాయంత్రం అయిదింటికి తమ హాస్టల్ వరండాలో పనివాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. నలభైకి దగ్గరపడ్డ నేను పలక పట్టుకుని గుణింతాల దాకా వచ్చాను. అమ్మగారు ఎన్నడూ వద్దనలేదు, "పాకం పని కానిచ్చుకుని వెళ్లమ్మా, చదువెక్కడికి పోతుంది" అనేవారు అంతే. అలా రెండు రోజులు పోలేకపోయాను. మాకు చదువు చెప్పే అమ్మాయి అమ్మగారింటి గేటు దగ్గర నన్ను ఆపి, "రేపు కూడా రాకుంటే నీ జాగల వేరేటామెను కూసోబెడ్త అక్కా, మస్తుమంది ఆగి ఉన్నరు" అంది.

మూడో రోజు నాలుగున్నరైనా పాకం గరిటె మీంచి నీళ్లలాగే జారుతోంది. హాస్టల్ వైపు ఆడవాళ్లు పలకలతో పోతుంటే ప్రహరీ మీంచి కనిపిస్తున్నారు. తెలిసి తెలిసి దించేశాను. గబగబా సీసాలకెత్తి, మూతలు బిగించి, రిబ్బన్లు కట్టి పరుగెత్తాను. ఆ సాయంత్రమే మొదటిసారి చూడకుండా నా పేరు రాశాను.

పండుగకు ముందు పాస్టరుగారింట్లో మూత ఎగిరి గోడంతా పాకం చిమ్మింది, ఇల్లంతా కల్లు వాసన. తర్వాత ఇంకో మూడిళ్లలో అదే తంతు. సంగతి విని మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏం బిడ్డా, పాస్టరు సారుకే కల్లు పంపినవట గద. ముందుగాల చెప్తే లొట్టే ఇస్తుంటిని." నేను నవ్వలేక గదిలోకి పోయి బట్టలు మూట కట్టాను. పిల్ల చదువు ఏమవుతుందో అన్న భయం ఒక పక్క, పొమ్మంటే పోవచ్చు కదా అన్న తేలికదనం ఒక పక్క.

అమ్మగారు వచ్చి మూట చూశారు. "నేనే తొందరపడి దింపించానని అందరికీ చెప్పేశానమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు. నువ్వు మా ఇంటి మనిషివి" అని నా తల మీద చెయ్యి వేశారు. "వచ్చే ఏడు నేను కూడా పొయ్యి దగ్గర కూర్చుంటాలే."

తిట్టి ఉంటే పోయేదాన్ని. మర్నాడు అయిదింటికి గేటు దాకా వెళ్లాను. దానికి తాళమేమీ లేదు. అయినా వెనక్కి తిరిగి వచ్చాను, ఆ తర్వాత మరి వెళ్లలేదు. మాకు చెప్పిన ఆ హాస్టల్ అమ్మాయి తన చదువు ముగించుకుని వెళ్లిపోయింది. నేను మరో పదకొండు చలికాలాలు తీగ పాకం కాచాను, ఒక్క మూతా ఎగరలేదు. అమ్మగారు రిటైరై సొంతూరు వెళ్లిపోయాక, మేము తార్నాకకు వచ్చాక, యాభై దాటిన నాకు మా అమ్మాయే అక్షరాలు మళ్లీ మొదటి నుంచి దిద్దించింది. అమ్మగారు చెడ్డవారని నేను ఈనాటికీ అనలేను, ఆ అనలేకపోవడమే నన్ను అన్నేళ్లు కట్టేసింది.

ఇప్పుడు ఆ క్వార్టర్సు లేవు, ఆ ఈతవనమూ లేదు. మా ఎదురు ఫ్లాటులో పనిచేసే ఆమె, బోర్లించాల్సిన గిన్నెలు ఇంకా నాలుగు మిగిలి ఉండగానే, "నాలుగైంది, నేను పోవాలె మేడం" అని చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకుంటుంది. ఎక్కడికో చెప్పదు, వాళ్లూ అడగరు. ఆమె మెట్లు దిగి మెయిన్ రోడ్డు మలుపు తిరిగేదాకా నేను బాల్కనీలో నిలబడి చూస్తుంటాను.