రెండో నంబరు తాడు

నెట్టా పర్విస్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా మా హాస్టల్లో దుప్పట్లు ఉతుకుతోంది. వీపున సంచి వేసుకుని దేశాలు తిరిగేవాళ్లు దిగే హాస్టల్ అది. కోట నుంచి దిగే పెద్ద వీధి పక్కన, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒత్తుకోవలసిన సందులో ఉంది. కొత్తగా దిగిన ప్రతివాళ్లకూ నెట్టా చెప్పే మాట ఒకటే.

"మొదటి రోజే కోట ఎక్కకండి. ముందు బాగా తడవండి. తడిసినవాణ్ణి ఈ ఎడిన్‌బరో ఇంకేం చేయలేదు."

తను మాత్రం బస్సులో అరగంట దూరాన ఉన్న సముద్రపొడ్డు దాటి ఎక్కడికీ పోలేదు. ఎవరెవరు ఏ దేశాల నుంచి వచ్చారో దుప్పట్ల వాసన చూసి చెబుతానంటుంది. సగం సార్లు సరిగ్గానే చెబుతుంది.

అమ్మ మంచాన పడటంతో నేను పదిహేనో ఏట బడి మానేసి ఆమె కింద పనిలో చేరాను. నేను మాట్లాడనని మేనేజరు ఫిర్యాదు చేస్తే, "నోరున్న పిల్లలకు దుప్పటి మూలలు కలపడం రాదు, ఈ మోర్వెన్‌ని నాకు వదిలెయ్యండి" అంది. అప్పటి నుంచి నాలుగేళ్లుగా ఇద్దరం చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడుస్తున్నాం.

నవంబరులో ఆమె తమ్ముడు డాడ్ చనిపోయాడు. పైకప్పులకు రాతిపలకలు వేసే పని చేసేవాడు. పిల్లల్లేరు. మాట పడనివాడు, అందుకని చాలామందితో మాటలు లేనివాడు. వాళ్లలో మొదటివాడు ఎదురువాటా ఎక్ రెన్నీ.

డాడ్, ఎక్ ఉండేది నాలుగంతస్తుల పాత రాతి ఇంట్లో. ఎనిమిది వాటాలకూ ఒకే మెట్లదారి. మెట్లు కడగడం వారానికొకరి వంతు. కడిగినవాళ్లు, తర్వాతి వంతు వాళ్ల తలుపు పిడికి దారం కట్టిన కార్డు తగిలించి వెళతారు. పదకొండేళ్ల కిందట ఒక శుక్రవారం ఎక్ మెట్లు కడిగి, కార్డు డాడ్ తలుపుకు తగిలించి, చేపల పడవ మీద సముద్రానికి పోయాడు. ఆ పొద్దునే డాడ్ భార్య జెస్సీ ఆస్పత్రిలో కన్నుమూసింది. ఎక్‌కు ఆ సంగతి తెలియదు. డాడ్ ఇంటికొచ్చేసరికి, ఇక నీ వంతు అన్నట్టు తలుపుకు ఆ కార్డు వేలాడుతోంది.

పది రోజుల తర్వాత ఒడ్డుకొచ్చాక గాని ఎక్‌కు తెలియలేదు. సిగ్గుతో తలుపు తట్టలేకపోయాడు. తట్టలేదని డాడ్ ఇంకా మండిపడ్డాడు. అంతే, నాలుగడుగుల ఎడంలో రెండు తలుపులు పదకొండేళ్లు ఒకదాన్నొకటి చూస్తూ ఉండిపోయాయి.

మా దగ్గర శవపెట్టెను గోతిలోకి దించేది అయినవాళ్లే. ఎనిమిది తాళ్లు, ఎనిమిది మంది. ఎవరిది ఏ తాడో నంబరు వేసి ముందుగానే కార్డులు పంచుతారు. ఒకటో నంబరు తల దగ్గర, రెండోది కాళ్ల దగ్గర. మనుషులు తక్కువైతే అంత్యక్రియల కంపెనీ వాళ్లు పట్టుకుంటారు. డాడ్ ఆఖరి వారంలో అక్కతో రెండు మాటలు చెప్పాడట. ఒకటి, "డబ్బు తీసుకునేవాడి చేత నా తాడు పట్టించకు." రెండోది చెప్పడానికి అతనికి సాయంత్రం దాకా పట్టింది. "రెండో నంబరు ఎక్‌కి ఇయ్యి. వస్తే వస్తాడు."

నెట్టా వెళ్లి తలుపు తట్టింది. లోపల రేడియో ఆగింది గాని తలుపు తెరుచుకోలేదు. రెండో నంబరు కార్డుకు దారం గుచ్చి పిడికి తగిలించి వచ్చేసింది. మర్నాడు చూస్తే పిడికి కార్డు లేదు. లోపలికి తీసుకున్నాడో, చెత్తలో వేశాడో ఎవరికి తెలుసు?

ఖననం బుధవారం మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్నే నల్ల గౌను వేసుకుని మామూలుగానే పనిలోకి వచ్చేసింది నెట్టా. "ఇంట్లో కూర్చుని గడియారాన్ని చూస్తూ ఏం చేయను? నువ్వు ఆ కొస పట్టుకో పిల్లా."

డాడ్ బట్టలు రెండు సంచుల్లో తెచ్చి మూలన పెట్టింది. అప్పుడే తలుపు తోసుకుని ఒక కుర్రాడు వచ్చాడు. పేరు ఎలియాస్, ఇరవై రెండేళ్లుంటాయి. వీపున తనంత సంచి, ఒంటిమీద పలుచటి చొక్కా. జుట్టులోంచి నీళ్లు కారుతున్నా ముఖం వెలిగిపోతోంది.

"ఇది ఎప్పుడు ఆగుతుందండీ?" అన్నాడు కిటికీ వైపు చూసి.

"ఏది, వానా? ఆగినప్పుడు మాకూ కబురు చేయి. ఏ ఊరు నాయనా?"

"చిలీ ఉత్తరాన, ఎడారి. నేను పుట్టాక మా ఊళ్లో నాలుగుసార్లు పడింది."

"అయితే సాయంత్రానికల్లా మీ ఊరందరి వాటా నువ్వొక్కడివే తడిసి వస్తావు." నెట్టా సంచిలోంచి డాడ్ పాత ఆకుపచ్చ వానకోటు తీసింది. కుడి భుజం మీద పలకల రాపిడికి చిరిగినచోట నల్లటి అతుకు ఉంది. "ఇది వేసుకో. కోట రేపు చూద్దువుగాని. ఇవాళ ఊరికే తిరుగు."

"ఎవరిదండీ ఇది?"

"వాన అంటే లెక్కలేనివాడిది" అంది. అతను వెళ్లాక చాలాసేపు ఆ తలుపు వైపే చూసింది.

రెండు కావస్తుండగా ఊరికి దక్షిణాన ఉన్న శ్మశానంలో, డాడ్ తల్లిదండ్రుల పక్కన తవ్విన గోతి దగ్గర ఏడుగురం నిలబడ్డాం. నెట్టా, వరసకు మేనల్లుళ్లు ఇద్దరు, డాడ్‌తో పచ్చికలో బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్ ముసలివాళ్లు ఇద్దరు, మా మేనేజరు, నేను. నాది ఏడో నంబరు. తన తండ్రిని దించిన రోజు నెట్టాను ఇంట్లోనే ఉంచేశారు. అప్పట్లో ఆడవాళ్లు శ్మశానానికి వచ్చేవాళ్లు కాదు, తిరిగొచ్చే మగవాళ్ల కోసం మాంసం కూరిన రొట్టె కాలుస్తూ ఇంట్లో ఉండిపోయేవాళ్లు. ఇవాళ ఆమె తల దగ్గర నిలబడింది. కాళ్ల దగ్గర ఖాళీ.

కంపెనీ తరఫున వచ్చిన హాల్డేన్ గారు గడియారం చూసుకుని మెల్లగా దగ్గరికొచ్చాడు. "అమ్మా, వాన పెరిగేలా ఉంది. ఆ తాడు నేను పట్టుకుంటాను."

"కాసేపు ఆగండి."

"పాదరీగారికి ఇంకో చోట కూడా..."

"ఆగమన్నాను కదా హాల్డేన్ గారూ."

అప్పుడు సమాధుల మధ్య బాట మీద డాడ్ కోటు కనబడింది. కోటులో ఉన్నది ఎలియాస్. తడిసి ముద్దయిన ఒక కార్డును రెండు చేతులా పట్టుకుని వస్తున్నాడు.

వచ్చి నెట్టాను గుర్తుపట్టి తడబడ్డాడు. మాట అందక కొంత, చలికి కొంత, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పొద్దున్నించీ సందుల్లో తిరిగాడు. ఏ మెట్లు దిగినా మళ్లీ మొదలుపెట్టిన చోటికే వచ్చాడు. ఒక ఇంటి గుమ్మంలో వానకు నిలబడితే, లోపలి నుంచి నల్ల టై కట్టుకున్న ముసలాయన వచ్చి, భుజం మీద అతుకు చూసి అక్కడే ఆగిపోయాడు. ఈ కోటు ఎక్కడిదన్నాడు. హాస్టల్లో ఒకావిడ ఇచ్చిందని ఎలియాస్ చెప్పాడు. "రా, నాతో నడువు" అన్నాడట ముసలాయన.

"గేటు దాకా వచ్చి ఇది నా చేతిలో పెట్టారండీ. రెండో నంబరువాడు రాలేకపోయాడని చెప్పమన్నారు."

హాల్డేన్ గారు చేతి తొడుగులు సర్దుకుని కాళ్ల వైపు ఒక అడుగు వేశాడు. నెట్టా ఆయన వైపు చూడనే లేదు.

"గేటు దగ్గరే ఉన్నాడా?"

"ఉన్నారండీ. గోడ పట్టుకుని నిలబడ్డారు."

"నాయనా, ఈ కార్డు పట్టుకెళ్లి ఆయనకే తిరిగివ్వు. ఆ మెట్ల మీద పని చేయకుండా కార్డు దాటించడం ఉండదని నెట్టా చెప్పమందని చెప్పు. డాడ్ ఎన్నడూ దాటించలేదని కూడా చెప్పు."

అది నిజమే. జెస్సీ పోయిన ఆ శుక్రవారం సాయంత్రం కూడా డాడ్ బకెట్ తెచ్చుకుని నాలుగంతస్తుల మెట్లూ కడిగాకే కార్డు దాటించాడు. నెట్టా చెబితేనే అది నాకు తెలిసింది.

ఎలియాస్‌కు ఏమీ అర్థమై ఉండదు. అయినా ఆ మాటలు పెదవులతో ఒకసారి వల్లించుకుని పరుగెత్తాడు. మేం ఎదురుచూశాం. వాన పెట్టె మూత మీద టపటపా పడుతోంది. నెట్టా పెదవులు బిగించి, నేను ఆమెను చూస్తున్నానని తెలిసి, తల కొంచెం అడ్డంగా ఊపింది. రాడేమోనని ఆమె అనుకున్నది అప్పుడొక్కసారే.

వాళ్లిద్దరూ కలిసి వచ్చారు. ఎక్ రెన్నీ మోచేతిని ఎలియాస్ పట్టుకున్నాడు. ముసలాయన ముఖం వానకు తడిసిందో ఎందుకు తడిసిందో చెప్పలేం.

"ఆలస్యమైంది నెట్టా" అన్నాడు.

"పదకొండేళ్లు ఆలస్యం. నీ చోట నిలబడు."

"నా చేతులు చూడు." వలలు లాగి లాగి వేళ్లన్నీ కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. "బరువు పట్టవు. మధ్యలో వదిలేస్తే? వాడికి రెండోసారి కూడా..." మాట పూర్తి చేయలేదు. అందుకే గేటు దగ్గర ఆగిపోయాడని అప్పుడు తెలిసింది మాకు.

నెట్టా ఎలియాస్ వైపు చూసింది. అడగలేదు. అతనే వెళ్లి ఎక్ వెనక నిలబడి, చేతులు ముందుకు చాపి, ముసలాయన చేతుల కింద తాడు పట్టుకున్నాడు.

"తొమ్మిది మంది అవుతున్నారమ్మా" అన్నాడు హాల్డేన్ గారు.

"ఎనిమిదే లెక్కపెట్టండి."

బరువు అందుకోమన్నాడు ఆయన. తాడు నా అరచేతిలో బిగిసింది. అంత పెద్ద గొంతున్న మనిషి ఇంత బరువే ఉంటాడని నేను అనుకోలేదు. పెట్టె సమంగా, కాళ్ల వైపు ఏమాత్రం కుంగకుండా దిగింది. అడుగు తాకాక అందరం తాళ్లు వదిలాం. రెండో నంబరు తాడే అన్నిటికంటే ఆఖరున జారింది.

"వాడు తేలికైపోయాడు" అన్నాడు ఎక్, ఎవరితోనూ కాదు.

భోజనాల దగ్గర ఎలియాస్ రెండు ప్లేట్ల మాంసం రొట్టె తిన్నాడు. కోటు విప్పి తిరిగివ్వబోతే నెట్టా తీసుకోలేదు. "రేపు కోట ఎక్కాలిగా. అక్కడ గాలి ఎక్కువ." ఎక్ ఆ తడిసిన కార్డు అతని చేతిలోనే ఉంచేశాడు. "సగం బరువు నీదే" అన్నాడు. కార్డు మీద పేరు సిరా కారిపోయి, నంబరు మాత్రమే మిగిలింది.

మిగిలిన సామాను సర్దాలన్న నెట్టాను సాయంత్రం డాడ్ ఇంటికి దిగబెట్టడానికి నేనూ వెళ్లాను. వచ్చిపోయిన వాళ్ల బురద కాళ్ల గుర్తులు మెట్లన్నిటి మీదా ఉన్నాయి. పైఅంతస్తులో నీళ్ల చప్పుడు వినిపించింది. ఎక్ నల్ల టై విప్పకుండానే, చాపలేని వేళ్ల మధ్య గుడ్డ ఇరికించుకుని, డాడ్ తలుపు ముందు నుంచి మొదలుపెట్టి మెట్లు తుడుచుకుంటూ దిగుతున్నాడు. ఆ వారం వంతు డాడ్‌ది.

నెట్టా గోడకు ఒత్తుకుని నిలబడింది. ఆయన తుడిచిన మెట్టు ఆరేదాకా కాలు పెట్టలేదు.